పక్కనున్న వాడల్లా తోడేనా?

తెలుగులో 'తోడు' అన్న మాట చూడటానికి చిన్నదే గాని, అది చేసే పనులు చాలా ఉన్నాయి. పాలలో పడితే పెరుగు చేస్తుంది. బావి దగ్గర నిలబడితే నీళ్లు పైకి తెస్తుంది. ఊరు వెళ్లే ఆడపిల్ల పక్కన కూర్చుంటే తల్లిదండ్రుల గుండెలో బరువు దించుతుంది. వీటన్నిటి పుట్టుకా ఒకటేనా కాదా అన్నది నిఘంటువులు రాసే పెద్దలు తేల్చవలసిన విషయం. నేను క్లాసులో మాత్రం ఒక సంగతి చెబుతూ ఉంటాను. పాలలో తోడు వేసినంత మాత్రాన చాలదు, అది పాలతో కలవాలి. కలవని తోడు గిన్నెలో ఉన్నా లేనట్టే.

ఈ వారం ఈ మాట ఎందుకు ఎత్తుకొన్నానంటే, సముద్రం అడుగున ఒంటరిగా తిరగటాన్ని గురించి ముచ్చటించవలసి వచ్చింది. తెలుగు పంతులుకు సముద్రం అడుగున పనేమిటని మీరు నవ్వవచ్చు. నవ్వండి. మోకాలి లోతు దాటి సముద్రంలోకి వెళ్లినవాణ్ణి కాను. కాని మన పిల్లలు వెళుతున్నారు. అండమాన్ దీవులలోనూ, లక్షదీవులలోనూ, కర్ణాటక తీరాన నేత్రాణి దగ్గరా, మన విశాఖపట్నంలోనూ వీపున సిలిండరు కట్టుకొని నీటిలో మునిగి, చేపలను చూసి రావటం ఇప్పుడు సెలవుల వేడుక అయింది. దిగేది వాళ్లే అయినా, ఒడ్డున ఉండేది మనం. కాస్త తెలుసుకొని ఉండటం మంచిది గదా!

ఆ సాధనం పేరు స్కూబా. కొన్ని ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కూర్చి చేసిన పొడిమాట అది. అందులో మొట్టమొదటి మాటకు అర్థం 'కావలసినదంతా తనలోనే ఉన్నది' అని. అంటే పేరులోనే కాస్త ఒంటరితనం ఉన్నదన్నమాట. అంతకు పూర్వం లోతుకు దిగి పనిచేసేవాడికి సాధారణంగా పైనున్న పడవలోంచి గొట్టం ద్వారా గాలి పంపేవారు. ఆ గొట్టంతో పని లేకుండా, మనిషి తన ఊపిరిని తానే మోసుకుపోయే ఏర్పాటును 1943లో ఫ్రాన్సులో జాక్ కుస్తో అనే నౌకాదళ అధికారి, ఎమిల్ గాన్యాఁ అనే ఇంజనీరు కలసి వాడుకకు తెచ్చారు.

ఆ ఏడు జూన్ నెలలో కుస్తో దాన్ని తగిలించుకొని మధ్యధరా సముద్రంలోకి దిగాడు. దిగింది ఒక్కడే. కాని ఆయన భార్య సిమోన్ నీటిమీద తేలుతూ, ముఖానికి అద్దం పెట్టుకొని ఆయననే కనిపెట్టి చూస్తూ ఉన్నది. ఆవిడ సైగ చేస్తే మరుక్షణం దూకటానికి ద్యూమా అనే మిత్రుడు ఒడ్డున సిద్ధంగా ఉన్నాడు. చిత్రం చూడండి! ఆ పరికరంతో మొదటిసారి నీటిలో తిరిగినవాడు నీటి లోపల ఒంటరివాడే. అయినా ఒంటరివాడు కాడు.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ, భూమిమీద మన నెత్తిన ఉండే గాలి బరువంత బరువు అదనంగా పడుతుంది. 30 మీటర్ల లోతున ఒత్తిడి నాలుగింతలు. పీల్చే ప్రతి ఊపిరికీ నాలుగింతల గాలి ఖర్చవుతుంది. పైన గంటసేపు వచ్చే సిలిండరు అక్కడ పావుగంటలో ఖాళీ. అయిపోతే చటుక్కున పైకి వచ్చేయవచ్చు గదా అనుకొంటాము. 10 మీటర్ల అడుగున గుండెల నిండా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టి పైకి వచ్చినవాడి ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. లోతున చాలాసేపు ఉన్నవాడి రక్తంలో నత్రజని కరిగి ఉంటుంది. తొందరపడి పైకి వస్తే గోలీసోడా కొట్టినప్పుడు పొంగినట్టు అది బుడగలు కడుతుంది. ఎంత లోతునుంచి ఎంత నెమ్మదిగా రావాలో హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు 1908లోనే పట్టికలు వేసి చూపించాడు. పైపెచ్చు 30 మీటర్లు దాటిన దగ్గరనుంచి ఆ నత్రజనే కల్లు తాగినట్టు మత్తెక్కిస్తుంది. మత్తెక్కినవాడికి తనకు మత్తెక్కిందని తెలియదు. ఈ సంగతి ఒడ్డున గూడా అందరికీ అనుభవమే.

అంచేత ఈ విద్య నేర్పేవారు మొదటి పాఠంలోనే చెబుతారు: ఒంటరిగా దిగకూడదు, జంటగా దిగాలి. దిగే ముందు ఒకరి పరికరాలు ఒకరు చూసుకోవాలి. ఒకడి గాలి అయిపోతే రెండోవాడి దగ్గరున్న అదనపు గొట్టంతో పీల్చాలి. ఒకడు తాడులోనో వలలోనో చిక్కుకొంటే రెండోవాడు విడిపించాలి. ఈ జంటమనిషినే వాళ్ల భాషలో 'బడ్డీ' అంటారు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా పూర్వ విద్యార్థి ఒకడు వాళ్లమ్మను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చాడు. అసలు సంగతి చెప్పాలంటే, ఆవిడే వాణ్ణి వెంటబెట్టుకొని వచ్చింది. కుర్రవాడికి బెంగుళూరులో ఉద్యోగం. అండమాన్ లో ఈ విద్య నేర్చి, ఇప్పటికి 34 సార్లు దిగి, అన్నీ ఒక పుస్తకంలో రాసుకొన్నాడు.

"మాస్టారూ, మీరైనా చెప్పండి. వీడు ఇకమీదట సముద్రంలో ఒక్కడే దిగుతాడట!" అన్నదావిడ, కుర్చీలో కూర్చోకుండానే.

"బడ్డీ ఉంటే మాత్రం ఏం లాభం మాస్టారూ? వదిలేసి పోయాడు," అన్నాడు వాడు.

"సముద్రంలో బడ్డీకొట్టేమిట్రా?" అన్నది తల్లి.

కాఫీలు తెస్తున్న మా ఆవిడ నవ్వాపుకోలేక మళ్లీ లోపలికి వెళ్లింది. కుర్రవాడు మాత్రం నవ్వలేదు. జరిగింది చెప్పాడు. పడవలో పదిమంది ఉన్నారట. పడవవాళ్లు వీణ్ణి ముక్కూ మొగం తెలియని ఒకాయనతో జత కలిపారు. 18 మీటర్ల లోతున వీడు పగడపు గుట్ట దగ్గర ఫోటోలు తీస్తూ తలెత్తి చూస్తే పక్కన ఎవరూ లేరు. ఒక్క నిమిషం వెతికి, కనపడకపోతే నెమ్మదిగా పైకి రావాలన్నది నియమం. వీడు అలాగే పైకి వచ్చాడు. ఆ పెద్దమనిషి 20 నిమిషాల తరువాత తేలి, తాబేలు కనిపిస్తే దాని వెంట వెళ్లానని సంతోషంగా చెప్పాడట.

"అంటే, అంతసేపూ నేను ఒంటరిగానే ఉన్నాను గదా మాస్టారూ! ఎలాగూ ఒంటరినే అయినప్పుడు, ఒంటరిగానే దిగితే తప్పేమిటి?" అన్నాడు.

తర్కం బాగానే ఉన్నది. తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. నేనొక చిన్న ప్రశ్న వేశాను.

"అప్పుడు నీ గాలి అయిపోతే ఏం చేసేవాడివోయ్?"

"బడ్డీ దగ్గర అదనపు గొట్టం ఉంటుందండి. దాంతో పీలుస్తాం."

"ఆయన ఎక్కడున్నాడు?"

"తాబేలు వెనకాల," అని నవ్వబోయి ఆగిపోయాడు.

"అంటే వీడి ప్రాణం ఆ తాబేలు వెంట పోయిందన్నమాట!" అన్నది తల్లి. అప్పటికిగాని ఆవిడ కూర్చోలేదు.

ఆ తల్లి అన్న మాటే ఈ విషయానికంతకూ కీలకం. జంటగా దిగేవాడి అదనపు గాలి వాడి వీపున లేదు, పక్కవాడి వీపున ఉన్నది. పక్కవాడు కనుమరుగైతే, ఆ గాలి గూడా వాడితోపాటే పోతుంది. మిగిలినవాడు ఒంటరి, కాని ఒంటరివాడికి ఉండవలసిన సరంజామా లేని ఒంటరి. అంతకన్నా చేటు ఏమంటే, తాను ఒంటరినన్న సంగతి వాడికి చాలాసేపటిదాకా తెలియకపోవటం.

వాళ్లు వెళ్లిన తరువాత ఈ విషయం మీద నాకు దొరికినదల్లా చదివాను. చదివినకొద్దీ ఒకటి స్పష్టమైంది. నీటి అడుగున ఒంటరితనం ఉన్నదా లేదా అని అడగటం కాదు, ఎన్నో మెట్టు మీద ఉన్నదని అడగాలి.

మొదటి మెట్టు: లోపల ఒక్కడే, పైన ఇంకొకడు. మన పల్లెల్లో బావి పూడిక తీసేవాడు దిగేటప్పుడు గట్టు మీద మోకు పట్టుకొన్నవాడు ఒకడుంటాడు. జపానులో 'అమ' అనే స్త్రీలు తరతరాలుగా ఊపిరి బిగబట్టి మునిగి నత్తగుల్లలు ఏరుకొస్తారు. వారిలో పడవ మీద వెళ్లేవారికి నడుమున తాడుంటుంది. రెండో కొస చాలా కుటుంబాలలో భర్త చేతిలో ఉంటుంది. ఆవిడ తాడు లాగగానే ఆయన పైకి లాగాలి. వంతెనల కింద, ఓడరేవుల్లో పనిచేసే వృత్తిదారులు గూడా తరచు ఒక్కొక్కరే దిగుతారు. కాని పైనుంచి గాలి గొట్టమూ, మాట వినిపించే తీగా, అవసరమైతే దూకటానికి సిద్ధంగా మరో మనిషీ ఉంటారు. వీళ్లను ఒంటరివాళ్లనటానికి నాకు నోరు రాదు.

రెండో మెట్టు: ఇద్దరూ పక్కపక్కనే ఉండి, ఒకరి నొకరు కనిపెట్టుకొని ఉండటం. ఇది అసలైన జంట. ఇందులో ఒంటరితనం పాలు తక్కువ.

మూడో మెట్టు: ఇద్దరూ ఒకే సముద్రంలో ఉండటం. ఇంతకు మించి వాళ్ల మధ్య చుట్టరికం లేదు. ఒకడిది కెమెరా, ఒకడిది తాబేలు. మన కుర్రవాడి కథ ఇదే. పేరుకు జంట గనుక ఎవడూ అదనపు గాలి తెచ్చుకోడు. చూపుకు జంట కాదు గనుక ఎవడూ ఎవడికీ అందడు.

నాలుగో మెట్టు మాబోటి పంతుళ్లది. పదిమంది విద్యార్థుల నడుమ గురువు ఒంటరివాడంటే నమ్ముతారా? శిష్యులకు ఆపద వస్తే గురువు ఆదుకొంటాడు. గురువుకే వస్తే కొత్తగా నేర్చుకొంటున్న శిష్యుడేం చేయగలడు? రష్యా దేశపు నటాలియా మొల్చనోవా సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి మునగటంలో మేటి. నలభైకి పైగా ప్రపంచ రికార్డులు ఆవిడవి. 2013లో నీటిలో కదలకుండా 9 నిమిషాలకు పైగా ఊపిరి ఆపి ఉన్నది. అంతటి మనిషి 2015 ఆగస్టులో స్పెయిన్ దగ్గర ఫోర్మెంతెరా దీవి ఒడ్డున కొందరికి పాఠాలు చెబుతూ తానొకసారి మునిగింది. మళ్లీ పైకి రాలేదు. దేహం గూడా దొరకలేదు. చుట్టూ మనుషులున్నారు, ఆవిడతో సరితూగి అంత లోతుకు వెంట వెళ్లగల తోడు లేదు.

అయిదో మెట్టు: ఇద్దరూ సమర్థులే అయినా, ఒకరికొకరు సాయపడలేని చోటికి పోవటం. అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రపు హైస్కూలు లెక్కల మాస్టారు షెక్ ఎక్స్‌లీ ఇలాంటివాడు. నీటి గుహల్లో ఈదటంలో ఆయనను మించినవాడు లేడని పేరు. గుహల్లో చనిపోయినవారి కథలు ఒక్కొక్కటే విప్పి చూసి, ఏ తప్పు వల్ల ఏది జరిగిందో 1979లో ఒక చిన్న పుస్తకంగా రాశాడు. దారి తెలిపే తాడు వదలవద్దనీ, గాలిలో మూడో వంతు మాత్రమే లోపలికి వెళ్లటానికి వాడి, మిగతా రెండు వంతులూ తిరుగుదారికి అట్టే పెట్టుకోవాలనీ నేర్పినవాడాయన. 1994 ఏప్రిల్ 6వ తేదీన మెక్సికోలో సకతోన్ అనే పాతాళబావిలోకి ఆయనా, జిమ్ బౌడెన్ అనే సహచరుడూ ఒకేసారి దిగారు. ఇద్దరికీ రెండు తాళ్లు, మధ్య కొద్ది గజాల దూరం. బౌడెన్ సుమారు 280 మీటర్ల లోతుదాకా వెళ్లి ప్రాణాలతో తిరిగి వచ్చాడు. ఎక్స్‌లీ రాలేదు. అంత లోతున ఒకడు రెండోవాడి కోసం ఆగితే ఇద్దరూ పోతారు. అది ఇద్దరికీ ముందే తెలుసు. పక్కపక్కన రెండు ఒంటరితనాలు, అంతే.

ఇక ఆరో మెట్టు: తెలిసి, సిద్ధపడి ఒంటరిగా దిగటం. ఇంగ్లండులో సున్నపురాతి కొండల కింద నీరు నిండిన సన్నని సొరంగాలున్నాయి. బురదనీళ్లు, ఒక మనిషి పట్టే ఇరుకు. అక్కడ రెండో మనిషి సాయం కాదు, అడ్డం. అంచేత అక్కడివారు ఒక్కొక్కరే ఈదటం అలవాటు చేసుకొన్నారు. పక్కవాడి వీపున ఉండవలసిన గాలిని తమ ఒంటికే కట్టుకొన్నారు. సిలిండర్లు రెండు, దేని గొట్టం దానిదే. దీపాలు ఒకటికి రెండు మూడు.

ఈ సాధన ఒకనాడు లోకానికంతకూ అక్కరకు వచ్చింది. 2018లో థాయిలాండులో వరద నిండిన గుహలో 12 మంది పిల్లలూ, వాళ్ల ఫుట్‌బాల్ కోచ్చీ చిక్కుకుపోవటం మీకు జ్ఞాపకమే. జూన్ 23న లోపలికి వెళ్లినవాళ్లను జూలై 2న కనుగొన్నది రిక్ స్టాంటన్, జాన్ వొలాంతెన్ అనే ఇద్దరు ఇంగ్లీషు గుహ ఈతగాళ్లు. జూలై 8 నుంచి మూడు రోజులలో, మత్తుమందు ఇచ్చిన పిల్లలను ఒక్కొక్క ఈతగాడు ఒక్కొక్కరి చొప్పున ఆ చీకటినీళ్లలోంచి బయటికి తెచ్చారు. నడుమ గదుల్లో సాయపడేవాళ్లున్నారు గాని, నీళ్లలో ఆ ఈతగాడూ, స్పృహలేని ఆ పిల్లవాడూ తప్ప మూడో ప్రాణి లేదు. ఒంటరిగా ఈదటం ఎరిగిన మనిషే ఆ పిల్లవాడికి తోడయ్యాడు.

ఒంటరిగా దిగవద్దని చెప్పటమే తప్ప, దిగదలచినవాడికి ఎలా దిగాలో శిక్షణ సంస్థలు చాలాకాలం చెప్పలేదు. 1999లో అమెరికాలోని ఎస్.డి.ఐ. అనే సంస్థ ఇందుకొక కోర్సు పెట్టింది. 21 ఏళ్లు నిండాలి, అప్పటికి 100 సార్లు దిగి ఉండాలి. అందులో ప్రధానంగా నేర్పేది తన దగ్గరున్నదానితోనే తాను బయటపడటం. ఒంటరిగా దిగేవారిలో జాగ్రత్తపరులు పాటించే లెక్కలు కొన్ని ఉన్నాయి. సిలిండరు లేకుండా ఎంత లోతు సుఖంగా మునగగలవో, దానికి రెండింతలు మించి దిగవద్దు. ఆ బరువులన్నిటితో నీటిమీద ఈదుకొంటూ ఎంత దూరం తిరిగి రాగలవో, దాన్ని మించి పోవద్దు. ఇరుకుల్లో దూరవద్దు. మన కుర్రవాడి 34కూ ఆ 100కూ మధ్య ఇంకా చాలా నీళ్లున్నాయి.

ఇంత చేసినా ఒకటి మిగిలిపోతుంది. సిలిండర్లు రెండు తీసుకుపోవచ్చు, కత్తులు రెండు పెట్టుకోవచ్చు. గుండెలు రెండు తీసుకుపోలేము. పెద్ద వయసువారిలో నీటి అడుగున మరణాలకు గుండెజబ్బు ఒక ముఖ్య కారణం. స్పృహ తప్పినవాడు ఒడ్డున అయితే పడిపోతాడు, అక్కడ మునిగిపోతాడు. వాడి సంచిలో ఎన్ని సాధనాలున్నా, వాటిని అందుకొనే చెయ్యి ఇంకొకరిది కావాలి. ఆ చెయ్యి ఉన్నా ప్రతిసారీ ప్రాణం దక్కుతుందని చెప్పలేము. ఆ థాయిలాండు గుహలోనే జూలై 6న, గాలి సిలిండర్లు చేరవేసి తిరిగి వస్తూ సమన్ కునన్ అనే మాజీ నౌకాదళ ఈతగాడు స్పృహ తప్పాడు. తోడున్నవాడు బయటికి తెచ్చి ఎంత ప్రయత్నించినా ప్రాణం నిలవలేదు. తోడు దేవుడు కాదు. ఒక అవకాశం, అంతే. ఒంటరిగా దిగేవాడు ఆ ఒక్క అవకాశాన్ని చేతులారా వదులుకొంటున్నాడు. వదులుకొంటున్నానని తెలిసి వదులుకొంటే అది సాహసం. తెలియక వదులుకొంటే దానికి వేరే పేరుంది. పిల్లల మీది ప్రేమ కొద్దీ ఆ పేరు నేను రాయను.

పత్రికలో ఇది చదివి మీ యింట్లో ఎవరినైనా సముద్రానికి వెళ్లవద్దని కట్టడి చేస్తారేమో, అది మాత్రం నా ఉద్దేశం కాదు. వెళ్లనివ్వండి. అడుగున రంగురంగుల లోకం ఉన్నదని చూసినవారంతా చెబుతున్నారు. కాని బయలుదేరే ముందు మూడు ప్రశ్నలు అడగండి. నీ పక్కన దిగేవాడు ఎవరు, వాడితో ముందుగా మాట్లాడుకొన్నావా? వాడు కనపడకపోతే నీకు గాలి ఎక్కడినుంచి వస్తుంది? ఎన్ని గంటలకు పైకి వస్తావో, రాకపోతే ఎవరికి కబురు చేయాలో ఒడ్డున ఎవరికి చెప్పావు?

మూడింటికీ జవాబు తడుముకోకుండా వస్తే, పులిహోర పొట్లం కట్టి పంపండి. రెండో ప్రశ్న దగ్గర నీళ్లు నమిలితే, ఆ నీళ్లు చాలునని చెప్పి ఆ పూటకు ఒడ్డునే కూర్చోబెట్టండి.